సముద్రం వైపు గది

నలభై ఏళ్లు మారిబోర్ వీధుల్లో
ఊళ్లోవాళ్ల తలుపుల్లోకి ఉత్తరాలు జారవిడిచినదాన్ని,
నాకంటూ ఒక్క రాత్రికి ఒక తలుపు ఎంచుకోడానికి
మూడు వారాలు పట్టింది.

ఓడ ఆదివారం మధ్యాహ్నం, త్రియెస్తె రేవులో.
శనివారమే చేరుకోవాలంటుంది అక్క జ్దెంక.
రైలు ఆలస్యమైతే ఏమే,
నీ కోసమేమన్నా లంగరెత్తకుండా కూర్చుంటుందా?
డెబ్భై మూడేళ్ల మనిషి, బట్టలు కుట్టిన చెయ్యి,
పటం మీద దారం పరిచి
హోటల్ నుంచి రేవుకి ఎంత దూరమో కొలిచింది.
దారానికి కొండలు తెలియవు.
ఎంత చవకో అని తను ముచ్చటపడ్డ గది
కొండ కొసన ఉంది.
రెండు సూట్‌కేసులూ, ఆమె ఎడమ మోకాలూ
ఆ మెట్లు దిగేసరికి ఓడ గ్రీసు దాటిపోతుంది.

స్టేషన్ పక్కది చూశాం. లిఫ్టు ఉంది,
పొద్దున్నే గుడ్డూ రొట్టే కూడా ఇస్తారట.
ఫొటోలో మంచం మరీ తెల్లగా ఉంది,
ఎవరూ ఎప్పుడూ నిద్రపోనంత తెల్లగా.
నాకెందుకో మనసొప్పలేదు.
ఇల్లిల్లూ తిరిగినదాన్ని కదా,
గుమ్మం చూస్తే లోపలి మనుషులు తెలిసిపోతారు;
ఫొటోకి గుమ్మం ఉండదు.

సముద్రం కనిపించాలి, అన్నాను చివరికి.
మర్నాటి నించీ ఎనిమిది రోజులు సముద్రమే కదే, అంది.
అది ఓడవాళ్ల సముద్రం అక్కా,
ముందు ఒక్క రాత్రి నాది నాకు కావాలి.
దానికి జవాబు చెప్పకుండా
కళ్లజోడు తీసి కుట్టుమిషను మీద పెట్టి
ఎంత ఎక్కువట, అంది.
ముప్పై యూరోలు.
ముప్పై యూరోలకి మూడు పంట్లాముల అంచులు మడవాలి నేను.

హోటల్ గుమాస్తా ఫోన్లో నిజాయితీగానే చెప్పాడు:
కనిపిస్తుంది సిన్యోరా, అడ్డమేమీ లేకపోతే.
అడ్డమేముంటుంది, అనుకున్నాను,
సముద్రానికి!

శనివారం సాయంత్రం కిటికీ తెరిస్తే
ఉంది.
బూడిదరంగు ఉన్ని శాలువాని ఎవరో దులుపుతున్నట్టు.
ఆ ఊరి బోరా గాలి రెక్కని చేతిలోంచి లాక్కుంది,
ఇద్దరం కలిసి మూశాం.
వానకి తడిసిన మేజోళ్లు కిటికీ గడియకి తగిలించి
జ్దెంక కుర్చీ దగ్గరికి జరుపుకుంది.
ముప్పై యూరోల మాట ఎత్తలేదు.
మా మధ్య ఒక నారింజ పండు.
తొక్కలు ఎక్కడ వేయాలో తెలియక
జేబులోనే దాచుకుంది.
చీకటి పడ్డాక కూడా అక్కడే కూర్చున్నాం,
కనబడనిదాన్ని వింటూ.

తెల్లారి లేచేసరికి సముద్రం లేదు.
ఏ వేళప్పుడు వచ్చిందో ఓడ,
కిటికీ నిండా నిలబడింది.
ఆకాశం కావాలంటే మెడ బయట పెట్టాలి.
వీధికి వీధే తెచ్చి మా ఎదురుగా దింపినట్టు
వరసన కిటికీలు, ఒక్కదానికీ నంబరు లేదు.
ఈ వీధిలో ఉత్తరాలెలా పంచుతారో, అన్నాను.
జ్దెంక నవ్వింది. నవ్వీ నవ్వీ
మంచం మీద కూలబడి
ముప్పై, అంది, ముప్పై యూరోలు,
మళ్లీ నవ్వింది.

ఎదురు కిటికీలో ఒకావిడ
గుండెకి ఆనించి స్వెట్టరు మడుస్తోంది.
ఆవిడ ప్రయాణం అయిపోయింది.
నన్ను చూసి, కాస్త ఆగి,
ఆ స్వెట్టరు చెయ్యినే ఎత్తి ఊపింది.
తర్వాత పెట్టె మూసి దీపం ఆర్పేసింది.

మధ్యాహ్నం ఓడలో మా గది. ఐదో అంతస్తు,
రేవు వైపుది, చవకది.
సూట్‌కేసు విప్పకుండానే హోటల్ని వెతికాను.
మూడో వరస, ఆకుపచ్చ రెక్కలు, మూలది.
అక్కా, ఇలా రా.
మన కిటికీ.
గడియకి ఇంకా
నీ ఎర్ర మేజోడు, ఒకటే.

దుప్పటి మార్చే పిల్ల దాన్ని తీసి
అటూ ఇటూ తిప్పి చూసింది,
రెండోదాని కోసం వంగి మంచం కింద వెతికింది.
జ్దెంక చేతిసంచి తడిమి
నారింజ తొక్కల వాసనతో ఉన్న ఆ రెండోదాన్ని
అద్దానికి ఆనించి పట్టుకుంది,
ఓడ కదిలేదాకా.